కింది బెర్తు ఎవరికి, పై బెర్తు ఎవరికి?

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా యాత్రలకు, పెళ్లిళ్లకు కుటుంబాలు కదిలే కాలం కావడంతో, రైలు బెర్తుల ఎంపిక గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో తెనాలి పాఠకురాలి ఉత్తరం చాలామంది ఇళ్లలోని పరిస్థితికి అద్దం పడుతున్నది కనుక దానికి ఎక్కువ చోటు కేటాయించి, మిగిలినవాటికి క్లుప్తంగా సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: డిసెంబరు 20న విజయవాడలో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాశీకి వెళ్లాలనుకుంటున్నాము. మా మామగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అత్తగారికి 64. మా అమ్మకు 52. నేను, మా వారు, తొమ్మిదేళ్ల బాబు, మూడేళ్ల పాప కూడా ప్రయాణిస్తాము. స్లీపర్ చాలునని మామగారు, థర్డ్ ఏసీ తీసుకుందామని మా వారు అంటున్నారు. ఆరుగురికి ఒకే టికెట్ తీసుకుంటే అందరం ఒకచోట ఉంటామా? పెద్దలకు కింది బెర్తులు వస్తాయా? గతంలో తిరుపతి వెళ్లినప్పుడు మామగారికి పై బెర్తు వచ్చింది. ఆయన రాత్రంతా కిందే కూర్చుని తెల్లవార్చారు.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. మోకాళ్ల నొప్పులున్న 71 ఏళ్ల మనిషికి పై బెర్తు ఇవ్వడమంటే ఆయనకు బెర్తు లేదని చెప్పడంతో సమానమే. చాలా ఇళ్లలో రైలు ప్రయాణం టికెట్ ధరతో మొదలవుతుంది. అంతకంటే ముందు ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకోగలరు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఎవరి పక్కన ఎవరు ఉండాలి అని రాసుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను. ఆ కాగితం తయారైతే ఏ తరగతి, ఎన్ని టికెట్లు అన్న ప్రశ్నలకు సమాధానం దానంతట అదే కనిపిస్తుంది. మీ లెక్క ప్రకారం మామగారికి, అత్తగారికి, పాపను పక్కన పడుకోబెట్టుకోవలసిన మీకు కింది బెర్తులు కావాలి. మీ అమ్మగారికి ప్రత్యేకమైన ఆరోగ్య సమస్య ఏదీ మీరు రాయలేదు కనుక ఆమెకు కింది బెర్తు దొరికితే మేలు, లేకపోతే మధ్య బెర్తు సరిపోతుంది. పై బెర్తుకు మీ వారు ఉన్నారు. బాబు మధ్య బెర్తులో ఉండడం మంచిది, ఎందుకంటే నిద్రలో దొర్లే వయసు వాడిని ఎత్తైన చోట ఉంచితే మీకు నిద్ర పట్టదు.

ఇక తరగతి సంగతి. మామూలు రోజుల్లో, ఒక్క రాత్రి ప్రయాణానికి, మన ప్రాంతంలోనే తిరిగే రైలు అయితే నేను మీ మామగారి పక్షమే వహించేవాడిని. కిటికీ తెరిచి గాలి పీల్చుకునే సౌకర్యం, స్టేషన్‌లో టీ అమ్మే మనిషిని కిటికీలోంచే పిలిచే వీలు స్లీపర్‌లోనే ఉంటాయి. అయితే మీరు వెళ్తున్నది డిసెంబరు చివరి వారాల్లో, వరంగల్, నాగపూర్, ఇటార్సీ, జబల్‌పూర్ మీదుగా ఉత్తరాదికి. ఆ దారిలో రాత్రులు మన తీరప్రాంతం వారు ఊహించుకునేదానికన్నా చాలా చల్లగా ఉంటాయి, స్లీపర్ కిటికీల సందుల్లోంచి చలిగాలి వస్తూనే ఉంటుంది, పైగా ఆ తరగతిలో దుప్పట్లు టికెట్‌తో రావు. పొగమంచు వల్ల ఆ కాలంలో ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యం కావడం కూడా కొత్త కాదు. పెద్దలిద్దరూ, మూడేళ్ల పాపా ఉన్న ఈ ప్రయాణానికి మీ వారు చెప్పిన థర్డ్ ఏసీయే సరైనదని నా అభిప్రాయం. ఖర్చు కారణంగా స్లీపరే తీసుకోవలసి వస్తే, మనిషికి ఒక మందపాటి దుప్పటి, పెద్దలకు చెవులు కప్పే మఫ్లరు, మందులు ఒక రోజుకు అదనంగా తప్పక పెట్టుకోండి. ఏసీలో వెళ్లినా మందులు అదనంగా ఉంచుకోవడం మానవద్దు.

పెద్దలిద్దరినీ సెకండ్ ఏసీలో, మిగిలినవారిని స్లీపర్‌లో వేద్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది. సెకండ్ ఏసీలో మధ్య బెర్తులే ఉండవు, ప్రతి ఆరు బెర్తులకూ మూడు కిందివే కనుక కింది బెర్తు దొరికే వీలు ఎక్కువన్నది నిజమే. థర్డ్ ఏసీలోనూ, స్లీపర్‌లోనూ ఎనిమిదింటికి మూడే కిందివి. కానీ ఏసీ పెట్టెలకూ, స్లీపర్ పెట్టెలకూ మధ్య దారిని రాత్రి మూసి ఉంచడం మామూలు. అర్ధరాత్రి మామగారికి ఒంట్లో బాగుండకపోతే మీ వారు ఆయన దగ్గరకు వెళ్లలేని ఏర్పాటు నాకు ఇష్టం లేదు. స్తోమత ఉంటే అందరూ సెకండ్ ఏసీలో వెళ్లండి, లేదంటే అందరూ థర్డ్ ఏసీలో వెళ్లండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక టికెట్ మీద ఆరుగురి దాకా రాయవచ్చు కనుక మీ ఆరుగురికీ ఒకే టికెట్ సరిపోతుంది. పాపకు అయిదేళ్లు నిండలేదు, వేరే బెర్తు అడగనంత వరకు ఆమెకు టికెట్ అవసరం లేదు. ఆమె పేరును బెర్తు లేని చంటిబిడ్డగా నమోదు చేసే వీలు ఐఆర్‌సీటీసీలో ఉంది, నమోదు చేయండి. బాబుకు అయిదు దాటి పన్నెండు నిండలేదు కనుక బెర్తు వద్దంటే సగం ఛార్జీ, బెర్తు కావాలంటే పెద్దవారితో సమానంగా పూర్తి ఛార్జీ పడుతుంది. 2016 ఏప్రిల్ నుంచి ఇదే నియమం. సగం ఛార్జీ మిగుల్చుకుందామని చూస్తే తొమ్మిదేళ్ల పిల్లవాడు ఎవరో ఒకరి బెర్తులో ఇరుక్కుని, ఇద్దరికీ నిద్ర లేకుండా చేస్తాడు. బాబుకు బెర్తు తీసుకోవడంలో రెండో ఆలోచన వద్దు.

అరవై దాటిన పురుషులకూ, నలభై అయిదు దాటిన స్త్రీలకూ కింది బెర్తు కేటాయించడంలో కంప్యూటర్ ప్రాధాన్యం ఇస్తుంది. అయితే ఆ పెద్దవారిని చిన్నవారితో కలిపి ఒకే టికెట్ మీద రాసినప్పుడు, లేక పెద్దవారే ఇద్దరికి మించి ఉన్నప్పుడు, ఆ ప్రాధాన్యాన్ని అది పట్టించుకోదు. మీ తిరుపతి ప్రయాణంలో జరిగింది ఇదే అయివుంటుంది. అందరం ఒకచోట ఉండాలన్న ప్రేమతో ఒకే టికెట్ తీసుకుంటాము, ఆ టికెట్టే తాతగారిని పై బెర్తుకు ఎక్కిస్తుంది. అందుకని మీరు రెండు టికెట్లు తీసుకోండి. మొదటిది మామగారికీ అత్తగారికీ మాత్రమే. అందులో కోటా అన్నచోట ‘జనరల్’ బదులు ‘లోయర్ బెర్త్/సీనియర్ సిటిజన్’ ఎంచుకోండి. ఈ కోటా కింద స్లీపర్‌లో పెట్టెకు ఆరేడు, థర్డ్ ఏసీలో నాలుగైదు, సెకండ్ ఏసీలో మూడు నాలుగు కింది బెర్తులు విడిగా ఉంచుతారు. ఒంటరిగా గాని, ఇద్దరుగా గాని బుక్ చేసుకునే వారికే అవి దక్కుతాయి. ఈ కోటాకు ఛార్జీలో తగ్గింపు ఏమీ లేదు. వృద్ధులకు ఉండే రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు, ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. అయినా ప్రయాణంలో వయసు చూపే గుర్తింపు కార్డు అసలుది వారి దగ్గర ఉండాలి.

మొదటి టికెట్ చేతికి రాగానే అందులో పెట్టె సంఖ్య చూడండి. అది బి4 అనుకుందాం. రెండో టికెట్ మీ నలుగురికి, అంటే మీకు, మీ వారికి, మీ అమ్మగారికి, బాబుకు, జనరల్ కోటాలో తీసుకోండి. బుకింగ్ పేజీలో ‘ప్రిఫర్డ్ కోచ్ నంబర్’ అన్న గడి ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు. అక్కడ బి4 అని రాయండి. అలాగే కనీసం ఒక కింది బెర్తు దొరికితేనే బుక్ చేయాలన్న ఎంపికను కూడా గుర్తుపెట్టండి. పాప పడుకోవలసిన కింది బెర్తు దానివల్లే ఖాయమవుతుంది. బుకింగ్ మొదలైన తొలి నిమిషాల్లో పెట్టెలన్నీ ఖాళీగా ఉంటాయి కనుక ఈ కోరికలు నెరవేరే అవకాశం బాగా ఎక్కువ. రెండు వారాలు ఆగితే ఇవే కోరికలు టికెట్‌ను అసలు బుక్ కానివ్వకుండా ఆపేస్తాయి. రెండు టికెట్లూ ఒకే పెట్టెలో వచ్చాక, ఒకే గదిలా పక్కపక్కన రాకపోయినా దిగులుపడవద్దు. మీ దగ్గర ఇవ్వడానికి కింది బెర్తు గాని, పక్క బెర్తు గాని ఉంటే తోటి ప్రయాణికులు సంతోషంగానే మారతారు. పై బెర్తు చూపించి కింది బెర్తు అడిగితే మాత్రం ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

పై తరగతికి ఉచితంగా మార్చడానికి సమ్మతమా అని అడిగే ‘ఆటో అప్‌గ్రడేషన్’ గడిని పెద్దల టికెట్‌లో ఖాళీగా వదిలేయండి. పై తరగతికి మారితే అక్కడా కింది బెర్తే వస్తుందన్న హామీ లేదు, పైగా వారిద్దరూ మీకు దూరమవుతారు.

బుకింగ్ ఎప్పుడు తెరుస్తారన్నది తేదీ లెక్కపెట్టి తెలుసుకోవాలి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు బుకింగ్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోకుండా వెనక్కి లెక్కిస్తే డిసెంబరు 20 ప్రయాణానికి అక్టోబరు 21 ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రైలు మొదటి స్టేషన్‌లో బయలుదేరే తేదీని బట్టే ఈ లెక్క ఉంటుంది. సంఘమిత్ర బెంగళూరు నుంచి బయలుదేరిన రోజే రాత్రికి విజయవాడ చేరుతుంది కనుక మీకు తేడా రాదు. అర్ధరాత్రి దాటాక మీ ఊరు చేరే రైలు అయితే ఒక రోజు ముందే మేలుకోవాలి. తత్కాల్‌కు కూడా ఇదే సూత్రం. మొదటి స్టేషన్ తేదీకి ఒక రోజు ముందు, ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుస్తారు. కుటుంబంతో వెళ్లేవారు తత్కాల్ మీద ఆధారపడకూడదని గట్టిగా చెబుతాను. అందులో టికెట్‌కు నలుగురే, పెద్దల కోటా ఉండదు, ఖరారైన టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు.

మీ ఐఆర్‌సీటీసీ ఖాతాను ఆధార్‌తో ఇప్పుడే ధ్రువీకరించుకోండి. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు అది తప్పనిసరి అయింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి మామూలు బుకింగ్‌లోనూ మొదటి 15 నిమిషాలు ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే కేటాయించారు, ఆ తర్వాత ఆ వ్యవధిని ఇంకా పెంచారు. అందరి పేర్లు, వయసులు ముందురోజే ఖాతాలోని మాస్టర్ లిస్టులో నింపి పెట్టుకుంటే ఎనిమిది గంటలకు టైపు చేస్తూ కూర్చోవలసిన పని ఉండదు. పేర్లను గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. తిరుగు ప్రయాణానికి బుకింగ్ వేరే రోజు తెరుచుకుంటుందని గుర్తుంచుకుని ఆ తేదీని కూడా క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో ఒకసారి వెళ్లే టికెట్లు చక్కగా తీసుకుని, సంతోషంలో తిరుగు టికెట్లు మరిచిపోయాము. మా అమ్మ ఒక రాత్రంతా సైడ్ లోయర్‌లో మరొకరితో సగం సగం పంచుకుని కూర్చుని రావలసి వచ్చింది. ఆ రాత్రి ఆమె కాళ్లు వాచిన సంగతి నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

చివరగా, సంఘమిత్ర వారణాసి స్టేషన్‌కు వెళ్లదు. మీరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి, అక్కడి నుంచి రోడ్డు మార్గంలో కాశీ చేరాలి. మన పెద్దలు మొగల్‌సరాయ్ అని పిలిచే స్టేషనే అది, 2018లో పేరు మారింది. మామగారికి పాత పేరే గుర్తుంటుంది కనుక ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా నలుగురికీ స్లీపర్‌లో 23, 24, 25, 31 సంఖ్యల బెర్తులు వచ్చాయి. వరుస సంఖ్యలే కదా, ఒకేచోట ఉన్నట్టేనా? మా అమ్మాయికి ఏడేళ్లు. ఆమెను ఎక్కడ పడుకోబెట్టాలి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వరుస సంఖ్యలు వచ్చినంత మాత్రాన ఒకే గది కాదు. స్లీపర్‌లోనూ, థర్డ్ ఏసీలోనూ ఎనిమిదేసి బెర్తులు ఒక గది. మీ సంఖ్యను ఎనిమిదితో భాగించి శేషం చూడండి. 1 గాని 4 గాని మిగిలితే కింది బెర్తు, 2 గాని 5 గాని అయితే మధ్యది, 3 గాని 6 గాని అయితే పైది, 7 అయితే సైడ్ లోయర్, శేషం లేకపోతే సైడ్ అప్పర్. ఈ లెక్కన 23, 24 మూడో గదికి ఎదురుగా నడవా పక్కన ఉన్న కింది, పై బెర్తులు. 25 నాలుగో గదిలో కింది బెర్తు, 31 అదే గదికి ఎదురుగా ఉన్న సైడ్ లోయర్. అంటే మీరు రెండు గదుల మధ్య ఇద్దరిద్దరుగా చీలిపోయారు. అయినా మీకు మూడు కింది బెర్తులు వచ్చాయి, అది చిన్న సంగతి కాదు. సైడ్ మిడిల్ ఉండే పాత గరీబ్‌రథ్ పెట్టెల్లో గదికి తొమ్మిది బెర్తులు కనుక అక్కడ ఈ లెక్క కుదరదు.

పాపను 25లో పడుకోబెట్టండి. ఆ బెర్తుకు ఒక పక్క గోడ ఉంటుంది, జనం నడిచే దారి కాళ్ల వైపు మాత్రమే ఉంటుంది. తల్లి గాని, మీరు గాని 31లో ఉంటే ఆమె నేరుగా కనబడుతూ ఉంటుంది. సైడ్ బెర్తులు మిగిలినవాటి కన్నా పొట్టివి, పొడవైన మనిషి కాళ్లు చాపుకోలేడు. కాబట్టి మీలో ఎత్తు తక్కువ ఉన్నవారు 24 తీసుకోవాలి. సైడ్ లోయర్ రెండు సీట్లను వాల్చగా ఏర్పడే బెర్తు, నడుమ సందు తగులుతుంది. ఒక దుప్పటిని నాలుగు మడతలు వేసి అక్కడ పరిస్తే వీపు నొప్పి ఉండదు. పగటిపూట ఆ బెర్తులో సగం సైడ్ అప్పర్ వారికి కూర్చునే హక్కు ఉంటుంది. మీ విషయంలో ఆ రెండూ మీవే కనుక ఇబ్బంది లేదు.

ప్రశ్న: మేము మిర్యాలగూడ నుంచి నారాయణాద్రిలో తిరుపతి వెళ్లాలి. మా స్టేషన్ నుంచి వెయిటింగ్ లిస్టు చూపిస్తోంది, సికింద్రాబాద్ నుంచి చూస్తే బెర్తులు ఉన్నాయంటోంది. అక్కడి నుంచి టికెట్ తీసుకుని ఇక్కడ ఎక్కవచ్చా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఎక్కవచ్చు, నియమాలు దానికి ఒప్పుకుంటాయి. రైలులోని బెర్తులన్నీ అన్ని స్టేషన్లకూ ఒకే రాశిగా ఉండవు. మొదటి స్టేషన్ నుంచి వెళ్లేవారికి ఎక్కువ వాటా, నడిమి స్టేషన్లకు చిన్న చిన్న వాటాలు ఉంటాయి. అందుకే వెయిటింగ్ లిస్టు సంఖ్య ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. జీఎన్‌డబ్ల్యూఎల్ అని ఉంటే అది పెద్ద వాటాకు చెందిన లిస్టు, ఖరారయ్యే అవకాశం ఎక్కువ. ఆర్ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ అని ఉంటే నడిమి స్టేషన్ల చిన్న వాటాలవి, సంఖ్య తక్కువగా కనిపించినా కదలిక మందంగా ఉంటుంది. కుటుంబంతో వెళ్లేవారు ఈ రెండో రకం లిస్టులో పడితే వేరే దారి చూసుకోవడమే మంచిది.

సికింద్రాబాద్ నుంచి టికెట్ తీసుకుంటే ఆ అదనపు దూరానికి ఛార్జీ మీదే. బుక్ చేసేటప్పుడే ‘బోర్డింగ్ స్టేషన్’ దగ్గర మిర్యాలగూడ అని మార్చండి. అప్పుడు మరిచిపోతే, కనీసం ప్రయాణానికి ఒక రోజు ముందుగా ఆ మార్పు చేసుకోండి. ఇది చేయకుండా నేరుగా మిర్యాలగూడలో ఎక్కుదామనుకుంటే, సికింద్రాబాద్ దాటాక మీరు రాలేదని టీటీఈ నమోదు చేసి మీ బెర్తులను ఆర్ఏసీ వారికి, అంటే పూర్తి బెర్తు లేక సీటు మాత్రమే దొరికినవారికి, ఇచ్చేయవచ్చు, ఆయన తప్పు కూడా ఉండదు. బోర్డింగ్ మార్చుకున్నాక మళ్లీ సికింద్రాబాద్‌లో ఎక్కే హక్కు ఉండదని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి పేరుతో ఖరారైన టికెట్ ఉంది. ఆయనకు జ్వరం వచ్చింది. ఆ టికెట్ మీద మా తమ్ముడిని పంపవచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: పంపవచ్చు. ఖరారైన టికెట్‌ను తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్య లేక భర్త, కొడుకులు, కూతుళ్లలో ఒకరి పేరుకు మార్చుకునే వీలుంది. రైలు బయలుదేరడానికి కనీసం 24 గంటల ముందు టికెట్ ప్రతి, ఇద్దరి గుర్తింపు కార్డులు, బంధుత్వాన్ని చూపే పత్రం తీసుకుని రిజర్వేషన్ కౌంటర్‌కు వెళ్లి రాతపూర్వకంగా అడగాలి. రేషన్ కార్డులో ఇద్దరి పేర్లూ ఉంటే అది తీసుకువెళ్లండి. ఈ మార్పు ఒక్కసారే చేస్తారు. నాన్నగారి టికెట్ పెద్దల కోటాలో తీసుకున్నది అయితే, చిన్న వయసు తమ్ముడికి అదే కోటా బెర్తు వర్తిస్తుందో లేదో కౌంటర్‌లో ముందే అడిగి తెలుసుకోండి. లేకపోతే దారిలో అతనికి ఇబ్బంది ఎదురవుతుంది.